బీడీల చాట పక్కన సబ్‌ఊఫర్

2012 జూన్ 11, సోమవారం, ఉదయం పదిన్నర. ఎల్లారెడ్డిలో మా ఇంటి ముందు నుంచి ట్రాక్టరు మీద పెద్ద పెద్ద సౌండు పెట్టెలతో పెండ్లి బరాత్ పోయింది. నా పక్కన బీడీలు చుడుతున్న అక్క తల ఎత్తి, "ఎవరి పెండ్లి చెల్లె?" అని అడిగింది.

అక్క అంటే నా పెద్ద తోటికోడలు. అప్పటికి ఏడాదిగా చెవి దగ్గర అరిచినా ఆమెకు వినబడేది కాదు; ఆ పెట్టెల అదురు నేలలోంచి ఆమె ఒంటికి తగిలింది. ముప్పై ఒక్క ఏండ్లు ఇద్దరం ఒకే గదిలో, పాటలు పెట్టుకుని బీడీలు చుట్టాం. చెవులు పోయాక ఆమె చెయ్యి నెమ్మదించింది. రోజుకు తొమ్మిది వందలు చుట్టేది ఆరు వందలకు దిగింది. ఆగస్టు నెలాఖరుకల్లా ఎనిమిది వందలు రాకపోతే ఆమెకు చుట్టడానికిచ్చే ఆకు ఇంకొకరికి ఇస్తామని కార్ఖానా మనిషి చెప్పిపోయాడు. అట్లా ఒంటికైనా పాట అందితే చెయ్యి మళ్లీ నడుస్తుందని నేను లెక్క వేశాను.

నా దగ్గర ఉన్నది ఒక ఆంప్లిఫయర్, రెండు స్పీకర్లు. గురువారం కామారెడ్డి పోయి రిపేరు దుకాణంలో పాత సబ్‌ఊఫర్, అంటే దరువు అదిరేలా కొట్టే పెట్టె, అడిగాను.

"గీ వయసుల డీజే పెడ్తవా అవ్వా?" అన్నాడు మెకానిక్.

"పెడ్త. నువ్వొచ్చి ఆడు. ముందుగాల వైర్లు ఎట్ల కలపాల్నో చెప్పు."

ఆంప్లిఫయర్ నుంచి వైర్లు మొదట సబ్‌ఊఫర్‌లోకి, అక్కడి నుంచి స్పీకర్లకు పోవాలట. ఎరుపు ఎరుపుకు, నలుపు నలుపుకు. చీటీ మీద రాసుకుని, పెట్టెను బస్సులో కాళ్ల మధ్య పెట్టుకుని తెచ్చాను.

చీటీలో ఉన్నట్టే కలిపాను. గుమ్మం దగ్గర నిలబడితే నా పక్కటెముకలు అదిరాయి. చాట ముందు కూర్చున్న అక్క మాత్రం తల అడ్డంగా ఊపింది. ఆమె చోట కూర్చుని చూశాను. నిజమే, అక్కడ అదురే లేదు. పెట్టెను నాలుగు మూలలకూ జరిపాను. తొమ్మిది రోజుల తర్వాత నడుం పట్టుకుని మళ్లీ కామారెడ్డి పోయాను.

"పెట్టె ఎనక చిన్న మీట ఉంటది, జూసినవా?" అన్నాడు మెకానిక్. "స్పీకర్లు ముందుకు నూకుతుంటే ఇది ఎనక్కు గుంజుతున్నది. రెండు కొట్లాడితే నడుమల సప్పుడు సస్తది. మీట గటు తిప్పు."

ఆ సాయంత్రమే తిప్పాను. అక్క అరచెయ్యి నేలకు ఆనించి చాలాసేపు ఉంచింది. "వస్తున్నది" అంది.

రోజూ పొద్దుగూకాక ఇద్దరి బీడీలూ నోటుబుక్కులో రాశాను. అక్కవి ఆరు వందల నలభై దాటలేదు. వెయ్యి చుట్టే నేను ఎనిమిది వందల యాభైకి దిగాను. కారణం నాకు అందలేదు. జూలై 30న అక్కే చెప్పింది.

"బంద్ చెయ్యి చెల్లె. అది దుమ్ము దుమ్మని కొడ్తది గని, ఒక్క ముచ్చట చెప్పదు."

అన్నేండ్లూ పాట ఒక పక్క మోగుతుంటే మేము మాట్లాడుకుంటూనే చుట్టాం. ఆమెకు వినబడకపోయినా కళ్లతో, పెదవులతో ఏదో ఒకటి చెప్పేదాన్ని. పెట్టె వచ్చాక అదీ మానేశాను.

పెట్టె ఆపి మళ్లీ సైగలు మొదలుపెట్టాను. అక్కవి ఏడు వందల ముప్పై దాకా ఎక్కాయి. నెల చాలలేదు. ఆగస్టు 31న ఆమె ఆకు వేరే ఇంటికి పోయింది.

పెట్టె తేవడానికి మూడు రోజులు, మీట తెలియక తొమ్మిది, ఆ మోతలో ముప్పై ఏడు. పోయినవి మొత్తం నలభై తొమ్మిది రోజులు, వాటితో పాటు అక్క పని.