కార్నీలియా నుదుటి బొట్టు

2019 నాటి సంగతి. అమెరికాలో, మోరిస్‌విల్‌లో మా గరాజ్‌నే స్టూడియోగా మార్చుకుని పాత ఆయిల్ పెయింటింగ్స్ బాగుచేసేదాన్ని. చుట్టూ అందరూ కోడ్ రాస్తుంటే నేను దూదిపుల్లలతో పటాలు తుడుస్తానంటే పార్టీల్లో వేళాకోళమే.

ఒక శనివారం శ్రీలత అనే సాఫ్ట్‌వేర్ ఇంజనీర్, ఆమె అత్తగారు రాజ్యలక్ష్మిగారు పెద్ద పటమొకటి తెచ్చారు. ఏడాది కిందట చనిపోయిన శ్రీలత భర్త దాన్ని ఎస్టేట్ సేల్‌లో, అంటే ఎవరిదో ఇల్లు ఖాళీ చేస్తూ సామాన్లు అమ్మే చోట, ముచ్చటపడి కొన్నదట. రెండు వందల ఏళ్ళ నాటి నియోక్లాసికల్ శైలి, అంటే మనుషులు చెక్కిన శిల్పాల్లా ఉంటారు. ఒక రోమన్ స్త్రీ తన నగలు చూపిస్తుంటే, ఎదుట ఇంకొకామె తన పిల్లల్ని చూపిస్తోంది. ఆ రెండో ఆమె నుదుటి మీద ఇంత కుంకుమ బొట్టు. పటమంతా దీపం మసి.

"అత్తయ్య అమ్మవారనుకుని ప్రతి ఫ్రైడే పూజ చేస్తారండీ. పాప రూమ్‌లో పెట్టాలి, వాళ్ళ నాన్న గుర్తుగా. క్లీన్ చేస్తే ఫేస్ పాడవదు కదా?" అంది శ్రీలత.

"ఆ మొహంలో కళ చూడు. అమ్మవారు కాక ఎవరు?" అన్నారు పెద్దావిడ.

మా వృత్తిలో మసి తీయడానికి ముందుగా వాడేది ఉమ్మి. అది మురికిని మెల్లగా వదిలిస్తుంది. దూదిపుల్ల నోట్లో పెట్టుకోబోతే రాజ్యలక్ష్మిగారు నా చెయ్యి పట్టుకున్నారు.

"ఎంగిలా అమ్మాయ్?"

డిస్టిల్డ్ వాటర్‌కి మారాను. పరీక్షిస్తే కుంకుమ వార్నిష్ మీదే, అంటే పై పూత మీదే ఉంది. పూత తీసేస్తే బొట్టూ పోతుంది, మొహానికి ఏమీ కాదు. ఆ మాటకి శ్రీలత ఊపిరి పీల్చుకుంది.

బొమ్మ కథ చెప్పడం నా అలవాటు. "ఈవిడ కార్నీలియా అండీ. నీ నగలేవంటే పిల్లల్ని చూపించిందట. భర్త పోయాక మళ్ళీ పెళ్ళి చేసుకోలేదు" అని నాలుక కరుచుకున్నాను. ఎదురుగా ఉన్న ఇద్దరి నుదుటా బొట్టు లేదు.

రాజ్యలక్ష్మిగారు పటం దగ్గరికి జరిగారు. "అయితే ఈవిడకీ భర్త లేడన్నమాట. బొట్టు పెడితే ఏం తక్కువైంది? ఉంచెయ్యమ్మా" అన్నారు. తర్వాత కోడలి వైపు తిరిగి, కొంచెం కోపంగానే, "నిన్ను బొట్టు తియ్యమని నేనన్నానా?" అని అడిగారు.

"తియ్యొద్దని కూడా అనలేదు కదత్తయ్యా."

"ఆ రోజు నాకు నోరు రాలేదే" అన్నారావిడ.

పటం మీద తర్వాత చేరినవి తీసేయాలని మాకు నేర్పుతారు. నేను బొట్టు కింద పూత మాత్రం వదిలి, చుట్టూ శుభ్రం చేశాను. కండిషన్ రిపోర్ట్‌లో, అంటే పటం స్థితి రాసిపెట్టే కాగితంలో, 'నుదుటి కుంకుమ యజమాని కోరికపై ఉంచబడింది' అని రాశాను. నా టీచర్లు చూస్తే చీవాట్లే. కానీ ఆ ఇంటివాళ్ళని అడక్కుండా దేన్నీ మురికి అనకూడదని నాకు తెలిసింది ఆ పటం దగ్గరే.

నెల తర్వాత పటం తీసుకెళ్ళడానికి ఇద్దరూ వచ్చారు. శ్రీలత నుదుట కనీకనపడని మెరూన్ స్టిక్కర్ ఉంది. పటం కార్‌లో పెడుతుంటే రాజ్యలక్ష్మిగారు కోడలి మొహం వంక చూసి అన్నారు:

"కాస్త పెద్దది పెట్టుకోవచ్చుగా."