మిజా పొయ్యిలో నిప్పు

పెంబా దీవిలో షామె మాస్టారంటే పిల్లలకి బెత్తం గుర్తొచ్చేది, పెద్దలకి ఆయన మాటల పిచ్చి. పింఛను మొదలయ్యాక ఆ పిచ్చి మరీ ముదిరింది. "పా" అనే ఒక్క మాట పట్టుకుని, తను రాస్తున్న మాటల పుస్తకం కోసం రెండేళ్లు ఊళ్లు తిరిగాడు. కొబ్బరాకులు నేసేవాళ్లకి పా అంటే ఇంటి కప్పు. వేటగాళ్లకి పొదల్లో దాక్కునే చిన్న లేడి. రేవులో ఆడవాళ్లకి చేప పొలుసు గీకడం. పక్షులకి పైకి లేవడం. వీటిలో దేనికి దేనితో చుట్టరికమో తేల్చలేక, ఒకే పేరు పెట్టుకున్నంత మాత్రాన అందరూ ఒకే తల్లి బిడ్డలు కారు కదా అనేవాడు.

ఒక అర్థం మాత్రం ముసలమ్మల నోళ్లలోనే మిగిలింది. పొయ్యి ఆరిపోతే పొరుగింటికి కుండపెంకు పట్టుకెళ్లి నిప్పు తెచ్చుకోవడం. కళ్లారా చూడనిదే ఏదీ రాయకూడదని ఆయన నియమం. ఇప్పుడు ఊరంతా అగ్గిపెట్టెలూ గ్యాసూ. మూడు రాళ్ల పొయ్యిని ఆరనివ్వకుండా కాచుకునేది ఒక్క మిజాయే. ఆమె షామెకి సొంత చెల్లెలు. ఇద్దరికీ ముప్ఫై ఒక్క ఏళ్లుగా మాటల్లేవు.

తప్పు ఆయనదే. తండ్రి పోయాక చెల్లెలి పెళ్లికి ఊ అనాల్సిన పెద్దదిక్కు ఆయన. ఆమె కోరుకున్నవాడు పీతలు పట్టుకుని బతికేవాడు. మాస్టారి చెల్లెలికి అలాంటివాడా అని మొండికేశాడు. చదువుకున్నవాడి గీర! ఆ మనిషి వేరే పెళ్లి చేసుకున్నాడు, మిజా ఒంటరిగా ఉండిపోయింది. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం?

పగ ఉన్న ఇంట నిప్పు అడగరు అక్కడ. అడిగితే తలవంచినట్టు, ఇస్తే మన్నించినట్టు. పుస్తకం కోసమేగా వెళ్తున్నానని ఎంత సర్దిచెప్పుకున్నా, ఆ సంగతి ఆయనకి తెలుసు.

పొద్దున్నే పెంకు పట్టుకుని వాకిట్లో నిలబడ్డాడు. లోపలికి రమ్మని పిలుపు లేదు. చాలాసేపటికి మిజా గుమ్మంలోకి వచ్చి పెంకు కేసి చూసింది.

"మీ ఇంట్లో గ్యాసుందిగా అన్నా."

"ఉంది. అయినా అడుగుతున్నా. ఆనాడు నేను చేసింది పాపం, మిజా."

ఆమె లోపలికెళ్లి రెండు కణికలు తెచ్చి పెంకులో వేసింది. దారిలో ఆరిపోకుండా పైన కాస్త బూడిద చల్లింది.

"రేపటికి ఆరిపోతుంది," అంది. "మళ్లీ రా."

నాలుగేళ్లపాటు రోజూ వెళ్లాడు. మిజా పోయినప్పుడు, మట్టి చేసి వచ్చాక, పక్కింటివాళ్లు ఆ పొయ్యిలో నీళ్లు పోయబోయారు. షామె వద్దన్నాడు. ఇంట్లో ఇచ్చేవాళ్లెవరూ లేరని తెలుసు. అయినా పెంకు పట్టుకుని గుమ్మం బయటే ఆగి, ముందు అడిగాడు.