స్టాండు పక్కన థర్మోకోల్ పెట్టె

ఏడో తరగతిలోనే బడికి దణ్ణం పెట్టి బయటపడ్డవాణ్ణి నేను. తాడేపల్లిగూడెం రైసుమిల్లులో బస్తాలు మోసి మోసి, చివరికి రేడియేషన్ మీటర్లు సరిచూసే చిన్న ల్యాబులో సహాయకుడిగా తేలాను. ఎక్స్‌రే గదుల్లో పనిచేసేవాళ్లు చొక్కాకి తగిలించుకునే మీటర్లు నిజం చెబుతున్నాయో లేదో అక్కడ తేలుస్తారు. ల్యాబు నడిపేది మా మేడం. ఆవిడకి చదువెక్కువ, నాకు నోరెక్కువ.

చిక్కంతా చెదిరిన కిరణాలతోనే. మీటరుకి సూటిగా వచ్చే కిరణాలు మనవి. గోడకీ నేలకీ తగిలి మళ్లొచ్చేవి పిలవని చుట్టాలు. వాటిని విడిగా కొలవాలంటే దారిలో సీసపు దిమ్మ అడ్డం పెడతాం. సూటివి అక్కడే ఆగిపోతాయి. అప్పటికీ మీటరు చూపించేదంతా చుట్టాల లెక్కే. అది హద్దు దాటితే గది పనికిరాదు. మొదటి తనిఖీలో దాటింది. మీటరు కింది ఇనప బల్ల కూడా కిరణాల్ని చెదరగొడుతోందని, అది తీసేసి సన్నటి స్టాండు పెట్టించారు మేడం. ఈసారీ దాటితే గదికి తాళం, నాకు మళ్లీ బస్తాలు.

"ఈ ఒక్క పూటా నోరు కట్టుకోవయ్యా," అన్నారు మేడం.

"అలాగేనండి. ప్లాస్టరు వేసుకోమంటారా అండి?"

తనిఖీ అధికారి వచ్చారు. పెద్దాయన, మాట మెత్తన. టిఫిన్లయ్యాక, గదిలో మనుషులెవరూ లేరని చూసి తలుపు వేశాను. స్టాండు పక్కన టేపు చుట్టిన థర్మోకోల్ పెట్టె ఒకటుంది. ఆయన పరికరమేమో అనుకున్నాను. మేడమూ అలాగే అనుకున్నారు. పెద్దమనిషిని అదేమిటండీ అని ఎలా అడుగుతాం? ఆయనేమో మా ల్యాబు సామాను అనుకున్నారు. ఆయనా మర్యాదస్తుడే!

సీసపు దిమ్మ అడ్డం పెట్టి కొలిచాం. అంకె హద్దు దాటింది.

మేడం మొహం పాలిపోయింది. అయినా తగ్గలేదు. "గోడలు కావండి. నిన్న ఇదే గదిలో తక్కువొచ్చింది. నిన్న లేనిదేదో దగ్గర్నుంచి కిరణాల్ని విసురుతోంది," అన్నారు.

కిరణాలు పుట్టే మూలాన్ని మూసి గదిలోపలికెళ్లాం. పెట్టె కింద నీళ్ల మడుగు. ఇంక నా నోరు ఆగలేదు.

"ఏవండీ, తమరి మిషను ఏడుస్తోందండి."

"నాదా? మీది కాదూ?" అన్నారాయన.

టేపు కోస్తే ఐసు, ఐసులో బొచ్చె చేపలు! గుండుగొలను దగ్గర కారు ఆపి కొన్నాడట ఆయన డ్రైవరు. ఎండకి పాడవుతాయని, మేము టిఫినులో ఉండగా, ఏసీ గాలి తగిలేచోటు చూసి పెట్టాడు.

పెట్టె బయటికి మోశాను. మళ్లీ కొలిచాం. అంకె జారి హద్దుకి బాగా కిందికి దిగింది. అధికారికి ముచ్చటేసి, పెట్టె లోపల పెట్టించి ఇంకోసారి చూశారు. ఎక్కింది. తీయించారు. దిగింది. "చేపని కూడా పట్టేసిందంటే మీ గది గట్టిదేనండి," అంటూ సంతకం పెట్టేశారు. మేడం, ఎప్పుడూ గట్టిగా నవ్వని మనిషి, కారిడారంతా వినబడేలా నవ్వారు.

డ్రైవరు మాత్రం పెట్టె ముట్టనంటే ముట్టనన్నాడు. "కిరణాలు తగిలినవి మాకొద్దండి బాబూ!"

"టార్చిలైటు వేస్తే వెలుతురు చేపలో ఉండిపోతుందా నాయనా? ఏం కాదు," అని మేడం నచ్చజెప్పారు. అతను వింటేనా!

నేను విన్నాను. ఆ సాయంత్రం ల్యాబు వాళ్లందరికీ మా ఇంట్లోనే బొచ్చె పులుసు. మేడం రెండోసారి వేయించుకున్నారు.