వెనకమ్మ దిద్దిన పుస్తకం

మా ప్రెస్సులో ఆమెను అందరూ వెనకమ్మ అనేవాళ్ళు. ప్రూఫులు దిద్దేది. పేజీలో చివరి మాట దగ్గర మొదలుపెట్టి, ఒక్కో మాటే వెనక్కి చూసుకుంటూ మొదటి మాట దగ్గర ఆగేది. "ముందునుంచి చదివితే కథలో పడిపోతామే. కథలో పడ్డ కంటికి తప్పులు కనపడవు" అనేది నాతో. మధ్యలో ఎవరైనా పలకరిస్తే ఆ పేజీ మళ్ళీ అడుగునుంచి చూడాల్సిందే. అందుకని ఆమె బల్ల దగ్గర తుమ్మడానికి కూడా భయపడేవాళ్ళం. ఇరవై ఆరేళ్ళలో ఆమె దిద్దిన పుస్తకంలో తప్పు పట్టిన మొనగాడు లేడు. ఆ పుస్తకాల్లో ఏముందో మాత్రం ఆమెకు తెలియదు.

నేను పక్క బల్ల మీద కంపోజింగ్ చేసేదాన్ని. మా ఇద్దరికీ చేతినిండా పని పెట్టింది ఒక మానసిక వైద్యురాలు రాసే నేర నవలలు. వాటిలో నాయిక కూడా మానసిక వైద్యురాలే. హంతకుడు ఎదురుగా కూర్చుని ఏడుస్తుంటే ఈవిడ చల్లగా ఒక ప్రశ్న వేస్తుంది, వాడు అంతా కక్కేస్తాడు. జనం ఎగబడి కొనేవాళ్ళు. టైపు చేస్తూ చేస్తూ ఉండబట్టలేక "చంపిందెవరో చెప్పనా?" అంటే, "నాకెందుకే, వాడేమైనా అచ్చుతప్పా?" అనేది వెనకమ్మ.

ఇంట్లో ఆమె, చెల్లెలు, పక్షవాతంతో మంచాన పడ్డ తల్లి. వెనకమ్మ జీతం తెచ్చేది. చెల్లెలు తల్లిని లేపి, కడిగి, తినిపించేది. అలా నాలుగేళ్ళు. గొంతులో కఫం అడ్డంపడితే తల్లిని వెంటనే పక్కకు తిప్పి వీపు తట్టాలి. వెనకమ్మ ప్రూఫులు ఇంటికి తీసుకెళ్ళిన ఒక మధ్యాహ్నం ఎవరూ తట్టలేదు. తల్లి పోయింది. నిద్రలోనే పోయిందని వెనకమ్మే అందరికీ చెప్పింది.

ఆ తర్వాత చెల్లెలు తిండి మానేసింది. గోడవైపు తిరిగి పడుకుని పిలిచినా పలికేది కాదు. వెనకమ్మ ఆమెను మా నవలల డాక్టరమ్మ దగ్గరికే తీసుకెళ్ళింది. "ఆవిడేం పరాయిది కాదు. మనసులో ఏముంటే అది చెప్పెయ్" అని లోపలికి పంపి, తను బయట బెంచీ మీద ప్రూఫులు దిద్దుకుంటూ కూర్చునేది. ఆరు నెలలకు చెల్లెలు మళ్ళీ మనుషుల్లో పడింది. వెనకమ్మ డాక్టరమ్మను నెత్తిన పెట్టుకుంది.

మరుసటి ఏడు కొత్త నవల వచ్చింది. నేనే టైపు చేశాను. అందులో రాసిన ఇల్లు ఎవరిదో తెలియక, కథ భలే ఉందని కూడా అనుకున్నాను. వెనకమ్మ దిద్దింది, ఆఖరి ప్రూఫు మీద 'అచ్చుకు ఇవ్వవచ్చు' అని రాసి సంతకం పెట్టింది. మొదటి కాపీ తనే తీసుకెళ్ళి చెల్లెలికిచ్చింది.

మూడో రోజు చెల్లెలు ప్రెస్సుకొచ్చి ఆ పుస్తకాన్ని వెనకమ్మ బల్ల మీద పెట్టింది.

"అమ్మ పిలిస్తే లేవలేదని ఆ డాక్టరుగారికి చెప్పాను. ఆవిడకి తప్ప ఎవరికీ చెప్పలేదు. అలసిపోయానక్కా. ఒక్కసారి లేవకపోతే ఏమవుతుందిలే అనుకున్నా. అదంతా ఇందులో ఉంది. మంచం కింద పచ్చ బకెట్టుతో సహా."

వెనకమ్మ పుస్తకాన్ని దగ్గరికి లాక్కుంది.

"ఒక్కో అక్షరం దిద్దావు కదా. అంతా తెలిసి అచ్చుకిచ్చావా? ఇంట్లో నాలుగు తన్నినా పడేదాన్ని."

"నేను చదవలేదే."

"ప్రూఫులు దిద్దేదానివి చదవలేదా?" చెల్లెలు నవ్వింది. ఆ నవ్వు చూసి నాకు భయమేసింది.

వెనకమ్మ నన్ను తోడు తీసుకుని డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళింది. ఆవిడ మమ్మల్ని కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, తన నాయికలాగే చల్లగా మాట్లాడింది.

"పేర్లు మార్చాను. ప్రూఫు మీకే పంపాను. అభ్యంతరముంటే చెప్తారనుకున్నాను. సంతకం మీదే కదండీ?"

నాకు ఒళ్ళు మండిపోయింది. వెనకమ్మ మాత్రం "నాదేనండీ" అని లేచింది.

తిరిగొచ్చాక ఆమె పుస్తకాన్ని మొదటి మాట నుంచి చదివింది. ఒక పేజీ దగ్గర ఆగి నన్ను పిలిచి వేలు పెట్టి చూపించింది. నవలలో హంతకురాలు డాక్టరుతో అంటోంది: "పక్కగదిలో అక్క పని చేసుకుంటోంది. దానికి వినపడలేదు. వినపడితే పరిగెత్తుకొచ్చేది. అది నాలాంటిది కాదు."

"నాకు వినపడిందే" అంది వెనకమ్మ. "రెండుసార్లు. పేజీ సగంలో ఉన్నాను. లేస్తే మళ్ళీ అడుగునుంచి చూడాలి. అది ఉందిగా, చూసుకుంటుందిలే అనుకున్నా."

"ఈ మాట దానికి చెప్పు. సగం బరువైనా దిగుతుంది" అన్నాను. సరేనంది. చెప్పడానికే ఇద్దరం ఇంటికి వెళ్ళాం.

చెల్లెలు బట్టలు సర్దుకుంటోంది. మమ్మల్ని చూసి సంచీ జిప్పు లాగింది.

"పోనీ, చదవలేదనే నమ్ముతా. ఒక్కటి చెప్పక్కా. ఆ రోజు నీకు వినపడుంటే లేచేదానివి కదూ?"

వెనకమ్మ నావైపు చూడలేదు.

"లేచేదాన్నే" అంది.

నేను గుమ్మంలోనే ఉన్నాను. నేనూ నోరు మెదపలేదు.

"నాకు తెలుసులే. నేనే పాపిష్టిదాన్ని" అని చెల్లెలు సంచీ భుజాన వేసుకుని మెట్లు దిగిపోయింది.