నెయ్యంగడి వారసుడి ఒళ్ళు

మొన్న మార్కాపురంలో గుండె డాక్టరు దగ్గరికి మా తమ్ముణ్ణి నేనే తీసుకెళ్ళాను. విడ్డూరం కాకపోతే, డెబ్బై దాటిన మగమనిషిని వాడికంటే పెద్దదాన్ని నేను చెయ్యి పట్టుకుని మెట్లెక్కించడమేమిటి! డాక్టరు కుర్రవాడు. కాగితాలన్నీ తిరగేసి, "పెద్దాయనా, హైస్కూల్లో ఉన్నప్పుడు ఆటలేమైనా ఆడేవారా? అప్పట్నుంచీ ఇంత బరువేనా?" అని మర్యాదగానే అడిగాడు.  నాకు ఒళ్ళు మండిపోయింది. "ఆడనిస్తే కదయ్యా ఆడేది!" అని గయ్యిమన్నాను. పాపం, ఆ అబ్బాయి కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో సంగతి ఇది. మా ఊరు అప్పటికింకా కర్నూలు జిల్లాలోనే ఉండేది. నాయనకు బజారులో నెయ్యి అంగడి. చుట్టుపక్కల పల్లెల్లో బర్రెలున్నవాళ్ళు వెన్న తెచ్చి ఇస్తే అమ్మ ఇంట్లో కాచేది. కొనేవాళ్ళు ఇంత నెయ్యి ముంజేతికి రాసుకుని వాసన చూసి, ఆ తర్వాత గద్దె పక్కన కూర్చున్న మా తమ్ముడి వైపు చూసేవాళ్ళు. నాయన వాణ్ణి అక్కడ కూర్చోబెట్టేదే అందుకు. నెయ్యంగడి పిల్లాడు బుగ్గలు మెరుస్తూ గుండ్రంగా ఉంటే సరుకు మంచిదని, ఎముకలు కనిపిస్తే కల్తీ అని మా బజారు నమ్మకం. అందుకని వాడి అన్నంలో నెయ్యి తేలాలి, పప్పు మీద మళ్ళీ పోయాలి, సాయంత్రం బెల్లంతో ఇంకో గిన్నె. నాకు మజ్జిగ. ఆడపిల్లని చూసి ఎవరూ నెయ్యి కొనరు కదా! పైగా నీళ్ళు చేదడం, పిండి రుబ్బడం నావంతు. మొన్న ఆ డాక్టరే నా బీపీ కూడా చూసి భేష్ అన్నాడు. నాకు పెట్టకపోవడమే నాకు మేలైందంటే నవ్వాలో ఏడవాలో మీరే చెప్పండి.

హైస్కూల్లో కొత్తగా వచ్చిన డ్రిల్లు మాస్టారు తమ్ముణ్ణి చెడుగుడు జట్టులో చేర్చాడు. మొదట్లో అందరూ నవ్వారు. నాలుగు నెలలు తిరిగేసరికి వాడు కూత పట్టాడంటే నలుగురు మీద పడ్డా గీత దాటి వచ్చేవాడట. చొక్కాలు వదులయ్యాయి. మిద్దె మెట్లు రెండేసి చొప్పున దూకేవాడు. వాడి మొహంలో అంత సంతోషం నేను ముందెప్పుడూ చూడలేదు, తర్వాతా చూడలేదు. ఇంతలో పొదిలి నుంచి వచ్చిన బేరగాడొకడు అంగడి ముందు నిలబడి, "ఏంది శెట్టీ, పిల్లోడు అట్ల చిక్కిపోయినాడు? మీ నెయ్యి మీరే తింటంలేదా ఏంది?" అన్నాడు. వాడిది వేళాకోళమే. పక్కనున్నవాళ్ళు పకపకా నవ్వేసరికి నాయన మొహం మాడిపోయింది.

నాయన వాణ్ణి ఆట మాన్పించేశాడు. మాస్టారు స్వయంగా మా ఇంటికి వచ్చాడు. "వచ్చే వారం గిద్దలూరులో పందెం ఉంది శెట్టిగారూ. మీవాడు లేకపోతే మాకు జట్టే లేదు. ఈ వయసులో ఒళ్ళు గట్టిపడితే పెద్దయినాక గుండెకి మంచిది, ఇనండి."

నాయన నవ్వాడు. "గుండెకేమైతాది అయ్యవారూ, నెయ్యి తాగిన గుండె అది! వాడు ఎండిపోతే నా అంగడి గడప ఎవురు తొక్కుతారు?"

నేను తలుపు చాటు నుంచి ఉండబట్టలేక, "పోనీ నాయనా, వాడికి బాగుంది కదా" అన్నాను.

"నీకేం తెలుసు? లోపలికి పో" అన్నాడు.

గిద్దలూరు బస్సు మా బజారు మీదుగానే పోయింది. పిల్లలు కిటికీల్లోంచి వాణ్ణి పేరు పెట్టి పిలిచారు. వాడు తలెత్తకుండా ఎవరి గిన్నెలోనో నెయ్యి పోస్తూ కూర్చున్నాడు. ఏడాదిలో బుగ్గలు మళ్ళీ వచ్చాయి. బేరాలూ బ్రహ్మాండంగా సాగాయి. తమ్ముడు నలభైలు దాటకుండానే మొదటిసారి గుండె నొప్పితో పడిపోయాడు. ఇప్పుడేమో ఒళ్ళు తగ్గితే తప్ప ఆపరేషను చేయలేమంటాడు ఈ డాక్టరు. తగ్గాలంటే నడవాలట. నాలుగడుగులకే ఊపిరాడని మనిషి ఎక్కడ నడుస్తాడు, నా తలకాయ!

ఆసుపత్రి బయట అరుగు మీద కూలబడ్డాక కూడా నేను నాయన్ని తిడుతూనే ఉన్నాను. వాడు కాసేపు ఆయాసం తీర్చుకుని, "ఊరుకో అక్కా, నాయనకి నేనంటే పానం" అన్నాడు.

"అదే కదరా నా మంట!" అన్నాను.

పగవాడైతే నాలుగు తిట్టి ఊరుకోవచ్చు, కొసరి కొసరి పెట్టి ఇంత చేసినవాణ్ణి ఏమనాలి? నీకేం తెలుసన్న మనిషికి చెప్పాల్సిన జవాబు, నువ్వు ప్రేమగా పోసిన నెయ్యే వాడి గుండె మీదికొచ్చిందని, నాకు దొరకడానికి ఇన్నేళ్ళు పట్టింది. నాయన అంతకాలం ఉండలేదు, తమ్ముడికి ఎంతకాలం ఉందో తెలియదు.