సముద్రంలో ఎనిమిదో కొండ

ఏళ్ల తరబడి ఒక కొండను మోస్తున్నాను. ఆంజనేయుడు మోసినదాని మీద మందుమొక్కలైనా ఉన్నాయి. నాది బోడి అబద్ధం. ఇన్నాళ్లకు, నా కథలకు నవ్వుతూ వచ్చిన నీ ముందు దించుతున్నాను.

డెబ్బైల చివర్లో మద్రాసులో, చమురు వెతికే కంపెనీలో పని నాది. పులికాట్ అవతల ఓడ మీంచి సముద్రంలోకి శబ్దం పంపితే, అడుగున రాతిపొరలకు తగిలి తిరిగొచ్చే ప్రతిధ్వనులు కాగితం మీద నల్లగీతలుగా పడేవి. వాటికి రంగు పెన్సిళ్లు దిద్ది, లోపల ఏముందో చెప్పడం నా విద్య. పొరలు ఉబ్బినచోట నూనె చేరుతుందంటారు. నాకొక ఉబ్బు దొరికింది. ఏనుగును ఐరావతం చేయడం నాకు పుట్టుకతో వచ్చిన జబ్బు. దానికి ఎనిమిదో కొండని పేరు పెట్టాను. పెద్దసారు మురిసిపోయి, బావి తవ్వేముందు నన్నూ వెంటబెట్టుకుని ఆ పటాన్ని తిరుపతి తెచ్చి, స్వామి పాదాల దగ్గర పెట్టించి, పసుపు కుంకుమలు అద్దించారు.

లాడ్జికి తిరిగొచ్చామో లేదో మునిరత్నం బస్సు దిగి వచ్చాడు. వడమాలపేటవాడు, మా కంప్యూటరు విభాగంలో నా స్నేహితుడు. కొత్త పద్ధతిలో లెక్కగట్టిన బొమ్మను నా మంచం మీద పరిచాడు.

“ఏమప్పా, ఇది కొండ కాదు, గుంత. రెండు పక్కల ప్రతిధ్వనులు అడ్డంగా కలిసి ఉబ్బు మాదిరి కనబడినాయి. యాడుండాల్సినవి ఆడికి జరిపినాక సూడు, ఏముండాదో!”

“స్వామి పాదాల కాడ పెట్టినదాని మింద రబ్బరు రుద్దమంటావా?”

“రుద్దేది స్వామిని కాదబ్బా, నీ పెన్సిలుని! ఆయప్పకు ఏడు సాలవా?”

“గీసినోణ్ణి నేను. సారుకు నేనే చెప్తా, నువ్వు పో.”

సారు పక్క గదిలోనే ఉన్నారు. చెప్పలేదు. భక్తా? ఆ మాట ఎన్నిసార్లు నాకు నేను చెప్పుకున్నానో! కాదు. కొండను కనిపెట్టిన మొనగాడిగా అప్పటికే ఊరేగుతున్నవాడికి, గుంతలోకి దిగడం నామోషీ.

బావిలో ఉప్పునీళ్లు పడ్డాయి. కొత్త బొమ్మ ఎప్పుడొచ్చిందని విచారణలో అడిగారు. “తవ్వకం మొదలయ్యాక” అన్నాను. మునిరత్నం మొత్తుకున్నాడు. అతనికి సాక్షిని నేనొక్కడినే. నేను ఫ్యాను వంక చూశాను. ఆలస్యం చేశాడని అతని ఉద్యోగం తీసేశారు.

అంతటితో ఆగానా? దాన్ని హాస్యకథ చేశాను. పెళ్లి పందిళ్లలో చెప్పేవాణ్ణి. నా కథలో మునిరత్నం బొమ్మను చంకన పెట్టుకుని, ఎద్దులబండిలో దోసెలు తింటూ వస్తాడు. చెప్పినప్పుడల్లా ఇంకో దోసె కలిపాను. జనం పొట్టలు పట్టుకుని నవ్వారు. మొన్న చంద్రగిరి పెళ్లిలో ఒకావిడ నవ్వలేదు. మునిరత్నం భార్య అని తరువాత తెలిసింది.

ఈసారి ఏమీ కలపను. అతను బస్సులో వచ్చాడు. వేళకే వచ్చాడు. బొమ్మ నా మంచం మీదే ఉంది. చూశాను. గుంతే.