ఇరవై నోటుపుస్తకాల్లో ఒకే తగాదా

ఆ రోజుల్లో మదనపల్లెలో ఇంగ్లీషు నేర్పడానికి ఇంగ్లీషు కన్నా ధైర్యం ఎక్కువ కావాలి. అది నా దగ్గర పుష్కలంగా ఉండేది. ఎరువుల కొట్టు మీది గదిలో, ఇరవై నాలుగేళ్ల వయసులో, ఇరవైమందికి స్పోకెన్ ఇంగ్లీషు చెప్పేవాణ్ణి. ఒక వారం పాఠం మనుషుల సంబంధాల గురించి. ఫాల్ అవుట్ అంటే తగాదా పడటం, డ్రిఫ్ట్ అపార్ట్ అంటే మెల్లగా దూరమైపోవడం, మేక్ అప్ అంటే మళ్లీ కలిసిపోవడం. వీటన్నిటితో బోర్డు మీద నమూనాకి ఒక పేరా రాసి, ఇలాగే మీ సొంత సంగతి రాసి ఇంట్లో పెద్దవాళ్ల సంతకం పెట్టించుకు రండి అన్నాను. (సంతకం నియమం నాదే. సెంటరుకు గౌరవం వస్తుందని.)

రెండు రోజుల తర్వాత మొదటి బెంచీ అమ్మాయి రాలేదు. ఆమె నోటుపుస్తకం చంకలో పెట్టుకుని వాళ్ల నాయన వచ్చాడు, పుంగనూరు పక్క పల్లె నుంచి.

"నాకు ఇంగ్లీషు రాదు సార్. తెలీకుండా సంతకం యాల పెట్టాలని, రిటైరైన నర్సమ్మ ఉంటే ఆమెతో సదివించినాను. నా బిడ్డ నాతో తగాదా పడిందంట. రెండేండ్లుగా మాటల్లేవంట. అడిగితే సారే రాయమన్నాడంటాది. నాయన మింద ఇట్ల రాయమని ఏ సారన్నా సెప్తాడా? నేనేం తక్కువ చేసినానప్పా దానికి?"

ఆయన కళ్లు తడిగా ఉన్నాయి. నాకు ముందు భయం వేసింది, తర్వాత సిగ్గు వేసింది. మిగతా నోటుపుస్తకాలు తెచ్చి ఆయన ముందు పరిచాను. పంతొమ్మిదిమందీ నా పేరానే కామాలతో సహా దించేశారు. (నాయన లేని ఇద్దరు కూడా నాయనతో తగాదా పడ్డారు.) అన్నిటి కిందా పెద్దవాళ్ల సంతకాలు ఉన్నాయి. ఏముందో తెలుసుకోవాలనుకున్నవాడు ఈయనొక్కడే.

ఆయన అక్షరాల పోలిక చాలాసేపు చూశాడు. "అందరిదీ ఒకటే. మరి ఈ తగాదా యెవురిది సార్?"

నాదేనని చెప్పాల్సి వచ్చింది. బి.ఇడి. సీటు వదిలేసి ఇక్కడికి వచ్చానని రామకుప్పంలో మా నాయన నాతో మాట్లాడటం మానేశాడు. నేనూ పౌరుషంగా మానేశాను.

"నా సంతకం అడిగినావు గదా. నువ్వూ మీ నాయన సంతకం పెట్టించుకోని రా. అంతవరకూ నా బిడ్డ రాదు," అన్నాడు. గొంతు పెంచలేదు. ఆ అమ్మాయికి పై నెలలో బెంగళూరులో ఉద్యోగం ఇంటర్వ్యూ ఉంది. నా బింకం కోసం ఆమె చదువు ఆపే హక్కు నాకు లేదు.

బోర్డు మీది పేరాని ఒక కాగితం మీద రాసుకుని ఆదివారం బస్సెక్కాను. కుప్పంలో దిగి ఊరికి ఇంకో బస్సు పట్టుకున్నాను. మా నాయన కళ్లంలో రాగులు చెరుగుతున్నాడు. నన్ను చూసి కూడా చేట ఆపలేదు.

"సంతకం కావల్ల నాయనా," అన్నాను. రెండేళ్ల తర్వాత ఆయనతో నా మొదటి మాట అది.

"ఏముండాదో సదివి సెప్పు."

తెలుగులో చెప్పాను. బోర్డు మీద గబగబా రాసిన వాక్యాలు సొంత భాషలోకి వచ్చేసరికి ఒక్కొక్కటీ ఆగి ఆగి చెప్పాల్సి వచ్చింది. మేం ఇంకా కలిసిపోలేదు అన్నది చివరి వాక్యం. ఆయన చేట కింద పెట్టి, చేతులు పంచెకు తుడుచుకున్నాడు.

"ఆ ఆకరిది కొట్టెయ్. అప్పుడు పెడతా."

కొట్టేశాను. పెట్టాడు.

సోమవారం ఆ అమ్మాయి క్లాసుకు వచ్చింది. వాళ్ల నాయన మెట్ల దగ్గరే నిలబడి, కాగితాన్ని వెలుతురులో పట్టి మా నాయన సంతకం చూసి, "రాత బాగుండాది," అని వెళ్లిపోయాడు.

ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గరుంది. పాఠం చెప్పే ముందు ఒకసారి తీసి చూసుకుంటాను. అంత గొప్ప మాస్టారి పేరాలో దిద్దాల్సిన చోటు పట్టుకున్నది ఒక్క ఇంగ్లీషు ముక్క రాని మా నాయన అని నవ్వొస్తుంది. ఆ వెంటనే చేట కింద పెట్టి పంచెకు తుడుచుకున్న ఆ చేతులు గుర్తొస్తాయి.